పాదరక్షల శిల్పి సాల్వతోరె ఫెర్రగామో

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలకు ఎప్పుడూ కొన్ని పేజీలు ఉంటాయి. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, గుర్రం జాషువా గార్ల గురించి చదువుకున్నాం, ఇక ముందు కూడా చదువుకుంటాం. ఈసారి మేము ఎంచుకున్న వ్యక్తి నాయకుడు కాదు, కవి కాదు. చెప్పులు కుట్టినవాడు. మనలో కొందరి తాతలు లందలో తోళ్లు ఊనినవారు, ఆరె, రంపి పట్టుకుని సంసారాలు ఈదినవారు. హాస్టల్లో కొత్తగా చేరినప్పుడు ఆ సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఎక్కడో ఇటలీలో కూడా ఆ పనికి చిన్నచూపు ఉండేదని, ఆ చిన్నచూపు సొంత ఇంట్లోనే ఎదురైన ఒక పిల్లవాడు పట్టుబట్టి అదే పని నేర్చుకున్నాడని తెలిసినప్పుడు, ఆయన గురించి తప్పక రాయాలనిపించింది.

సాల్వతోరె ఫెర్రగామో 1898 జూన్ 5న దక్షిణ ఇటలీలోని బోనీతో అనే పల్లెలో పుట్టాడు. నేపుల్స్ నగరానికి తూర్పున కొండల మధ్య ఉన్న ఊరు అది. తల్లిదండ్రులది పేద వ్యవసాయ కుటుంబం. పద్నాలుగు మంది సంతానంలో ఇతడు పదకొండవవాడు. ఊళ్లో చెప్పులు కుట్టే అతని దుకాణం దగ్గర కూర్చుని చూడటం చిన్నప్పటి నుంచీ అతనికి అలవాటు. ఇంట్లోవాళ్లకు అది నచ్చేది కాదు. పొలం దున్నినా ఫరవాలేదు, దర్జీ పని నేర్చినా ఫరవాలేదు కానీ, చెప్పులు కుట్టడం మరీ అధమమైన పనిగా వాళ్లు భావించేవారు.

తొమ్మిదేళ్ల వయసులో ఒక సంఘటన జరిగింది. చర్చిలో జరిగే వేడుకకు ఇంట్లో ఆడపిల్లకు తెల్లని బూట్లు కావాలి. కొనే స్తోమత లేదు. సాల్వతోరె ఆ చెప్పుల దుకాణం నుంచి సామాను అడిగి తెచ్చి, రాత్రంతా మేలుకుని తెల్లవారేసరికి బూట్లు తయారుచేశాడు. ఆ రోజుతో ఇంట్లో అభ్యంతరం సడలింది. తరువాత కొంతకాలం నేపుల్స్‌లో పని నేర్చుకుని, పద్నాలుగేళ్లయినా నిండకముందే సొంత ఇంట్లోనే చిన్న దుకాణం పెట్టి, సహాయకులను కూడా పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. అతను ఆ పనిలోకి తన ఇష్టంతో వెళ్లాడు. వద్దనుకుంటే మానుకునే వీలు అతనికి ఉంది. మన తాతలకు ఆ వీలు లేదు. ఊరికంతటికీ కిర్రు చెప్పులు కుట్టి ఇచ్చి, తాము మాత్రం ఊళ్లో ఉత్త కాళ్లతో నడిచిన రోజులు మన పెద్దలు చెబుతారు. ఫెర్రగామో కథ చదివేటప్పుడు ఈ తేడాను మరిచిపోతే అది మన కథలాగే ఉందనుకుని పొరబడతాం.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కాలంలో ఆయన ఓడ ఎక్కి అమెరికా చేరాడు. అన్నలు అప్పటికే అక్కడ ఉన్నారు. బోస్టన్‌లో బూట్ల ఫ్యాక్టరీ చూశాడు. యంత్రాలు చకచకా బూట్లు తయారు చేస్తున్నాయి. ఎవరైనా అది చూసి అబ్బురపడతారు. ఆయనకు మాత్రం ఆ బూట్లు బరువుగా, మొరటుగా కనిపించాయి. అక్కడ ఉండలేక అన్నలతో కలిసి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాకు వెళ్లి, సినిమా కంపెనీలకు బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. కౌబాయ్ సినిమాలకు కావలసిన బూట్లు ఆయన దుకాణం నుంచి వెళ్లేవి. సినిమా పరిశ్రమ హాలీవుడ్‌కు తరలితే ఆయన కూడా 1923లో అక్కడికి మారాడు. సెసిల్ డెమిల్ తీసిన టెన్ కమాండ్‌మెంట్స్ మూకీ చిత్రానికి పాదరక్షలు కుట్టింది ఆయనే. మేరీ పిక్‌ఫర్డ్ వంటి పెద్ద తారలు ఆయన దుకాణానికి వచ్చేవారు.

పేరు, డబ్బు వచ్చాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఫెర్రగామోను ఒక ప్రశ్న వదల్లేదు. ఇంత అందంగా, కొలత ప్రకారం కుట్టిన బూట్లు కూడా కాళ్లను ఎందుకు నొప్పి పెడుతున్నాయి? జవాబు దుకాణంలో దొరకలేదు. అందుకని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మానవ శరీర నిర్మాణ శాస్త్రం చదవడానికి సాయంత్రం తరగతుల్లో చేరాడు. చెప్పులు కుట్టే మనిషి ఎముకల గురించిన పాఠాలు వింటుంటే పక్కవాళ్లు ఏమనుకున్నారో గానీ, ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదేనని మా అభిప్రాయం.

అక్కడ ఆయనకు తెలిసింది ఇది. మనిషి నిటారుగా నిలబడినప్పుడు తూకపు గుండు వేలాడదీసి చూస్తే, శరీరం బరువు అరికాలి మధ్యనున్న వంపు మీద పడుతుంది. ఆ చోటు సుమారు 4 సెంటీమీటర్ల మేరే ఉంటుంది. అప్పటి బూట్లన్నీ మడమను, మునివేళ్లను పట్టుకుని, ఈ వంపును గాలికి వదిలేసేవి. ఆధారం లేని పాదం ముందుకు జారి వేళ్లు ముక్కుకు కొట్టుకునేవి. ఆనెలు, వంకర తిరిగిన వేళ్లు ఆ జారుడు వల్లే వస్తున్నాయని ఆయన తేల్చుకున్నాడు. అప్పటి నుంచి బూటు అడుగుపొరల మధ్య, సరిగ్గా వంపు కిందికి వచ్చేలా సన్నని ఉక్కు పట్టీ అమర్చడం మొదలుపెట్టాడు. పాదం నడుమ గట్టి పట్టు దొరికింది, వేళ్లకు స్వేచ్ఛ వచ్చింది.

ఈ సంగతి మన క్రీడాకారులకు ఆసక్తిగా ఉంటుందని కాస్త వివరంగా రాస్తున్నాం. ఎత్తు మడమ బూటు వేసుకున్న మనిషి చదునైన నేల మీద ఉన్నా, ఆమె పాదం ఎప్పుడూ కొండ దిగుతున్నట్టే ఉంటుంది. ఈ రోజుల్లో కొండ దారుల్లో, రాళ్ల బాటల్లో పరుగు పందేలు జరుగుతున్నాయి. దాన్ని ట్రైల్ రన్నింగ్ అంటారు. దిగుడులో పరుగెత్తేవాడి కష్టం కూడా అదే. పాదం షూ లోపల ముందుకు జారుతుంది, గోళ్లు నల్లబడతాయి, మడమ ఊగి బొబ్బలెక్కుతుంది. అందువల్లే మంచి ట్రైల్ షూ పాదం నడుమను లేసులతో బిగించి పట్టుకుంటుంది, మడమను కదలనివ్వదు, వేళ్ల దగ్గర చోటు వదులుతుంది. చాలా షూలలో మొనదేలిన రాళ్లు గుచ్చుకోకుండా అడుగుపొరల మధ్య ఒక గట్టి పలక కూడా పెడతారు. ఫెర్రగామో ఉక్కు పట్టీ నుంచే ఇది పుట్టిందని మేము అనడం లేదు. ఆయన ఒక్క ట్రైల్ షూ కూడా చేయలేదు. అయితే సినీ తారల కోసం ఆయన విప్పిన చిక్కుముడి, కొండ దిగే పరుగుగాడి చిక్కుముడి ఒకటే. ఫ్యాషన్ అంటే పైపై మెరుగు అని మనం అనుకుంటాం. పనితనం తెలిసినవాడి చేతిలో అది లోపలి నుంచి మొదలవుతుంది.

1927లో ఆయన ఇటలీకి తిరిగి వచ్చాడు. చేతిపని తెలిసినవాళ్లు అమెరికాలో చాలినంతమంది దొరక్కపోవడమే కారణం. చేతిపనులకు పేరుపడ్డ ఫ్లోరెన్స్ నగరంలో కార్ఖానా పెట్టాడు. ఫ్యాక్టరీ పద్ధతిని, చేతిపనిని కలిపి ఒక ఏర్పాటు చేశాడు. పని వరుసగా ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. కానీ ప్రతి అంచెలోనూ యంత్రం బదులు మనిషి చెయ్యే ఉంటుంది. ఒకరు తోలు కత్తిరిస్తారు, ఒకరు పైభాగం కుడతారు, మరొకరు దాన్ని కొయ్య అచ్చు మీద లాగి బిగిస్తారు. తోలు అన్ని వైపులా ఒకేలా సాగదు. వెన్ను దగ్గరిది గట్టిగా ఉంటుంది, పొట్ట దగ్గరిది వదులుగా సాగుతుంది. ఎటు కత్తిరిస్తే బూటు రూపు చెడకుండా నిలుస్తుందో వేళ్లతో తడిమి తెలుసుకోవాలి. మన ఊళ్లలో ఈ విద్య తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకున్నవాళ్లే లేరు.

సరుకులో ఎక్కువ భాగం అమెరికాకే పోయేది. 1929లో అక్కడి మార్కెట్ కుప్పకూలడంతో ఆర్డర్లు ఆగిపోయాయి. 1933లో ఫెర్రగామో దివాలా తీశాడు. ఈసారి సొంత దేశంలోని కొనుగోలుదారులను నమ్ముకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఫ్లోరెన్స్‌లోని పలాజ్జో స్పీని ఫెరోనీ అనే పాత రాజభవనంలో అద్దెకు చేరి, 1938లో ఆ భవనాన్నే కొన్నాడు.

ఈ మధ్యలోనే మరో దెబ్బ. 1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద దండెత్తాడు. నానాజాతి సమితి ఇటలీపై ఆంక్షలు విధించింది. మంచి ఉక్కు దొరకడం మానేసింది. నాసిరకం ఉక్కుతో చేసిన పట్టీలు విరిగిపోయేవి. అప్పుడు ఆయన దృష్టి సార్డీనియా దీవిలో దొరికే బెండు మీద పడింది. సీసాలకు మూత వేసే బెరడే అది. మడమకు, అడుగుకు మధ్యనున్న ఖాళీని బెండు ముక్కలు అతికించి నింపేశాడు. ఉక్కు పట్టీ అవసరమే లేకుండా వంపుకు ఆధారం దొరికింది, బరువూ తగ్గింది. వెడ్జ్ హీల్ పుట్టింది అలా. దానికి పేటెంట్ తీసుకున్నా ప్రపంచమంతటా నకళ్లు ఆగలేదు. మేలురకం తోలు కూడా కరువైతే గడ్డిపీచు, ఫెల్ట్, జనపనార, చేపచర్మం, చివరికి చాక్లెట్లకు చుట్టే సెల్లోఫేన్ కాగితంతో కూడా పైభాగాలు అల్లించాడు. 1938లో జూడీ గార్లాండ్ కోసం చేసిన ఇంద్రధనుస్సు రంగుల బెండు అడుగు చెప్పుల బొమ్మ ఈనాటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఆయన కొనుగోలుదారుల్లో ముస్సోలినీ కూడా ఉన్నాడు. ఏ యుద్ధం వల్ల ఇథియోపియా ప్రజలు నలిగిపోయారో ఆ యుద్ధం తెచ్చిన కరువులోంచే ఆయన పేరు పెరిగింది. ఆయన పనిని మెచ్చుకుంటూ ఈ విషయం దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు.

అదే ఇటలీలో, దాదాపు అదే సమయంలో, కొండలెక్కే మరొక మనిషి బూటు అడుగు గురించి తల బద్దలు కొట్టుకుంటున్నాడు. మిలాన్‌కు చెందిన వితాలె బ్రమానీ. 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో ఆయన సహచరులు ఆరుగురు చనిపోయారు. వాళ్ల బూట్లు ఆ మంచుకు, ఆ రాతికి తగినవి కావు. ఆ దుఃఖంతో ఆయన 1937లో లోతైన గాళ్లున్న రబ్బరు అడుగు తయారు చేయించాడు. వైబ్రమ్ అనే పేరు ఆయన పేరులోని అక్షరాలతో ఏర్పడిందే. నేటికీ ఎన్నో ట్రైల్ షూల అడుగున ఆ పేరు కనిపిస్తుంది. ఒకరు పాదం కోసం లోపలి నుంచి, ఒకరు నేల కోసం బయటి నుంచి ఆలోచించారు. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మనమంతా వాళ్ల ధైర్యాన్ని పొగిడాం. ఆ ఎత్తులో కాలికి తొడిగినది సరిగా లేకపోతే ధైర్యం ఒక్కటే చాలదని కొండలెక్కేవాళ్లందరికీ తెలుసు.

ఫెర్రగామో కథలో మన దేశపు పేరు కూడా వస్తుంది. కూచ్ బెహార్ మహారాణి ఇందిరాదేవి ఆయన దగ్గర వంద జతలకు పైగా బూట్లు చేయించుకుంది. వాటిపై పొదగడానికి తన ముత్యాలు, వజ్రాలు పంపింది. ఈమె ఎవరో కాదు, అంబేద్కర్ గారిని 1913లో స్కాలర్‌షిప్ ఇచ్చి కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపిన బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ కుమార్తె. తండ్రి డబ్బు ఎటు పోయింది, కుమార్తె డబ్బు ఎటు పోయింది అని మా గదిలో పెద్ద చర్చే జరిగింది.

1940లో ఆయన తన సొంత ఊరి డాక్టరు గారి అమ్మాయి వాండాను పెళ్లాడాడు. ఆరుగురు పిల్లలు. 1947లో చేప గాలానికి వాడే నైలాన్ దారం పైభాగంగా పెట్టి, కాలికి ఏమీ లేనట్టే కనిపించే చెప్పు చేసి అమెరికాలో నీమన్ మార్కస్ అవార్డు అందుకున్నాడు. 1950 నాటికి ఆయన దగ్గర 700 మంది పనివారు రోజుకు 350 జతలు చేతితో తయారుచేసేవారు. అంటే ఇద్దరు మనుషుల రోజంతటి కష్టం ఒక్క జత. బజారులో రెండు నిమిషాల్లో బేరమాడి కొనే మనకు ఈ లెక్క వింతగా ఉంటుంది.

1960 ఆగస్టు 7న, 62వ ఏట ఆయన కన్నుమూశాడు. అంతవరకు ఇల్లు దాటి ఉద్యోగం చేయని వాండా 38 ఏళ్ల వయసులో కంపెనీ పగ్గాలు చేపట్టి, పిల్లలను ఒక్కొక్కరినే పనిలోకి తెచ్చింది. ఆమె 2018లో మరణించింది. ఫ్లోరెన్స్‌లోని అదే భవనంలో 1995లో మ్యూజియం తెరిచారు. పేరున్న వ్యక్తుల పాదాల కొలతలతో చెక్కిన కొయ్య అచ్చులు అక్కడ భద్రంగా ఉన్నాయి.

తోలు పనిని శాస్త్రంగా చూసినవారు మన తెలుగువారిలో కూడా ఉన్నారు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు. 1985 కనిష్క విమాన దుర్ఘటనలో ఆయనను కోల్పోయాం. వచ్చే సంచికలో ఆయన జీవితం రాయాలని అనుకుంటున్నాం. పాదరక్షల డిజైన్‌లో డిగ్రీ చదవాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక సమాచారం: ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. ఇంటర్మీడియట్ తరువాత అఖిల భారత ప్రవేశ పరీక్ష రాయాలి.