జార్జి వెస్టింగుహౌసు

వేగముగ పోవు బండిని చూచి ముచ్చటపడనివారు అరుదు. కాని దానిని సకాలమున ఆపు ఉపాయము లేనిచో ఆ వేగమే ప్రాణాంతకమగును. అట్టి ఉపాయమును లోకమునకు ఒసగినవారిలో జార్జి వెస్టింగుహౌసు అగ్రగణ్యుడు.

ఆతడు 1846 అక్టోబరు 6వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తండ్రి వ్యవసాయ యంత్రములు చేయు కర్మాగారమును నడుపుచుండెను. బాలుడైన జార్జికి పాఠశాలకంటె ఆ కర్మాగారముపైననే మక్కువ మెండు. అంతర్యుద్ధ కాలమున సైన్యమునందును నౌకాదళమునందును పనిచేసి, మరల యంత్రముల చెంతకే చేరెను.

1866లో ఒకనాడు ఆతడెక్కిన రైలు దారిలో నిలిచిపోయెను. ముందు రెండు సరకుబండ్లు ఢీకొని పడియుండెను. పట్టపగలు; మార్గము తిన్ననిది; డ్రైవర్లిరువురును ఎదుటి బండిని చూచిరి. అయినను ఆపలేకపోయిరి. ఆ కాలమున ఇంజను కూత విని, పనివారు పెట్టెల పైకప్పులపై పరుగెత్తుచు, ఒక్కొక్క బ్రేకును చేతితో బిగింపవలసియుండెను. అట్లు పరుగెత్తుచు జారిపడి మరణించినవారు పెక్కుమంది. ఈ దుఃస్థితి ఆ యువకుని మనస్సును కలచివేసెను.

ఆల్ప్సు పర్వతములలో సొరంగమును తొలుచు యంత్రములు, గొట్టముల ద్వారా దూరమునుండి వచ్చు ఒత్తిడిగల గాలితో పనిచేయుచున్నవని ఆతడొక పత్రికలో చదివెను. అన్ని పెట్టెల బ్రేకులను ఆ గాలితోనే ఒక్కసారిగ బిగింపవచ్చునని ఊహించెను. మొదటి పరీక్షనాడే పట్టాలపై ఒక బండి అడ్డుపడగా, రైలు దానికి కొద్ది అడుగుల దూరమున ఆగెను. 1869లో ఆతడు ఈ సాధనమునకు పేటెంటు పొందెను. కాని గొట్టము తెగినచో బ్రేకు పనిచేయదు. ఈ లోపమును గుర్తించి, ప్రతి పెట్టె క్రిందను ఒక గాలితొట్టిని అమర్చి, గొట్టములోని ఒత్తిడి తగ్గినంతనే బ్రేకులు పడునట్లు 1872లో సవరించెను. అప్పటినుండి గొట్టము తెగినను రైలు తనంతట తానే ఆగును. 1893లో అమెరికా ప్రభుత్వము, రాష్ట్రముల నడుమ తిరుగు రైళ్లకు ఇంజనునుండి నడపదగు బ్రేకులుండవలెనని శాసించెను.

1878లో ఇంగ్లండున డగ్లసు గాల్టనుతో కలసి ఆతడు గొప్ప పరీక్షలు జరిపెను. చక్రము పూర్తిగ బిగిసి పట్టాలపై జారునప్పటికంటె, దొర్లుచు మందగించునప్పుడే బ్రేకు బాగుగ పట్టునని వానివలన తేటపడెను. బలముగ పట్టుటయే చాలదు, తగుమాత్రము పట్టవలెనని దీని భావము.

వెస్టింగుహౌసు 1914 మార్చి 12వ తేదీన మరణించెను. నేటి మోటారుసైకిళ్లలోని ఏ.బి.ఎస్. అను సాధనము ఈ సూత్రమునే అనుసరించును. చక్రము బిగిసిపోవు తరుణమును దానిలోని గ్రాహకము కనిపెట్టును; బ్రేకు ఒత్తిడి క్షణమాత్రము సడలి, మరల హెచ్చును. ఇట్లు సెకనులో పలుమారులు జరుగుటచే చక్రము దొర్లుచునే మందగించును. బండి అదుపు తప్పదు. మన దేశమున 125 సి.సి. మించిన ద్విచక్ర వాహనములకు 2019నుండి ఈ సాధనము తప్పనిసరి.

వేగమును పెంచినవారిని లోకము సులభముగ కొనియాడును. ఆగుటను నేర్పినవానివలన నిలిచిన ప్రాణములను ఎవరు లెక్కింపగలరు?