టీచర్లకు పాఠం చెప్పిన డాక్టరు

చదువు రాని పిల్లాణ్ని మొద్దు అని ఎంత తేలిగ్గా అనేస్తామో! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ గుర్తొస్తారు.

1870లో వియన్నా శివార్లలో పుట్టారు. రికెట్స్ వల్ల నాలుగేళ్లదాకా నడవలేదు. బళ్లో లెక్కలు రాకపోతే, చదువు మాన్పించి చెప్పులు కుట్టే పనిలో పెట్టమన్నారట మాస్టారు. తండ్రి ఒప్పుకోలేదు. ఆ పిల్లాడే 1895లో డాక్టరయ్యాడు!

1911లో ఆయన ఫ్రాయిడ్‌తో విడిపోయి సొంత దారి పట్టారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వియన్నాలో పిల్లల కోసం సలహా కేంద్రాలు పెట్టించారు. అక్కడ టీచర్లంతా చూస్తుండగానే తల్లిదండ్రులతో, బిడ్డతో మాట్లాడేవారు. అదే వాళ్లకు శిక్షణ. బిడ్డలో తప్పులు వెతకడం కాదు, ధైర్యం నింపడం నేర్పారు. 1934లో ఆ కేంద్రాలు మూతపడ్డాయి. 1937లో ఉపన్యాసాలకని వెళ్లి, స్కాట్లండ్‌లో కన్నుమూశారు. శిష్యుడు డ్రైకర్స్ ఆ పద్ధతిని అమెరికాలో టీచర్లకు నేర్పారు.

మార్కుల కార్డు చూసి నోరు చేసుకునే ముందు, ఆ తండ్రిని ఒక్కసారి తలుచుకుందామా?