బ్లాండీని గీసినాయన

మా ఇంట్లో ఇంగ్లిషు పేపరు రాగానే నాన్నగారు మొదటి పేజీ చూసేవారు. నేనేమో వెనక నుంచి తిప్పి బొమ్మల కథలు వెతుక్కునేదాన్ని. బ్లాండీ, డాగ్‌వుడ్ దంపతులు నాకు అక్కడే పరిచయం. అర్ధరాత్రి వంటింట్లో దూరి, మూరెడు ఎత్తు శాండ్‌విచ్ పేర్చుకు తినే ఆ మొగుణ్ణి చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నానో! వాళ్లను పుట్టించిన చిక్ యంగ్ గురించి మాత్రం చాలా ఏళ్లకి గానీ తెలుసుకోలేదు.

ఆయన 1901లో అమెరికాలోని షికాగోలో పుట్టారు. అన్న లైమన్‌ది కూడా బొమ్మల కథలు గీసే పనే. 1930 సెప్టెంబరులో చిక్ ‘బ్లాండీ’ మొదలుపెట్టారు. అప్పుడామె ఇల్లాలు కాదండోయ్, షికార్లంటే సరదాపడే అమ్మాయి. డాగ్‌వుడ్ కోటీశ్వరుడి కొడుకు. దేశమంతా ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతుంటే డబ్బున్న వాళ్ల సరదాలు ఎవరికి నచ్చుతాయి? అందుకని 1933లో డాగ్‌వుడ్ చేత 28 రోజులు నిరాహారదీక్ష చేయించి మరీ పెళ్లి జరిపించారు. తండ్రి ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వలేదు. ఇక జీతం రాళ్లు, బిల్లులు, కసిరే బాసు... అచ్చం మన ఇళ్లలాగే! కథ అక్కణ్నుంచే అందుకుంది.

1934లో ఆ దంపతులకు కొడుకు పుట్టాడు. మూడేళ్లకే, 1937లో, చిక్ సొంత కొడుకు వేన్ కామెర్లతో చనిపోయాడు. పని పక్కనపెట్టి భార్యాభర్తలిద్దరూ యూరప్ వెళ్లిపోయారు. తిరిగొచ్చాక కాగితం మీది ఆ చంటివాణ్ణి మళ్లీ నవ్వుతూ గీయడానికి ఆ తండ్రికి చేతులెలా వచ్చాయో! ఆ ముక్క తెలిశాక పాత బొమ్మలు చూస్తుంటే నాకు మునుపటిలా నవ్వు రాదు.

అలాగని లోపాల్లేవని కాదు. అదే శాండ్‌విచ్, అదే సోఫా మీద కునుకు, హడావిడిగా పరిగెడుతూ పోస్ట్‌మ్యాన్‌ని గుద్దుకోవడం... నెల చదివితే ఏడాది చదివినట్టే. పిల్లలు టీనేజీ దాకా పెరిగి అక్కడే ఆగిపోయారు. ఇంటిని నెగ్గుకొచ్చే తెలివంతా బ్లాండీదే అయినా, కొత్త టోపీ కొనుక్కుంటే చాలు, దుబారా మనిషని జోకు!

1973లో చిక్ యంగ్ కన్నుమూశారు. ఆ తర్వాత కొడుకు డీన్ కథ కొనసాగించారు. పెళ్లయిన 58 ఏళ్లకు, 1991లో, బ్లాండీ స్నేహితురాలితో కలిసి క్యాటరింగ్ వ్యాపారం పెట్టింది. అన్నేళ్లూ చాకిరీ చేసిన వంటింట్లోంచే ఆమెకు సొంత సంపాదన వచ్చింది. డాగ్‌వుడ్ సోఫా మాత్రం దిగలేదు.