వాల్తేరు నుంచి జెనీవాకు

మన బడిలో ఏటా సెప్టెంబరు 5న దండ వేసే పటంలోని తలపాగా పెద్దమనిషి అయిదేళ్లు మన ఊరివాడు. ఆ సంగతి మనకెవరూ గట్టిగా చెప్పలేదు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. తిరుత్తణిలో పుట్టిన తెలుగు కుటుంబీకులు. కలకత్తాలో తత్త్వశాస్త్రం ఆచార్యులు. అప్పటికి నలభై మూడో ఏడు నడుస్తోంది. విశ్వవిద్యాలయం బెజవాడ నుంచి వాల్తేరుకు మారి ఏడాది కావస్తోందంతే. కింద చిత్తడి నేలను తవ్వి రేవు కడుతున్నారు, పైన కొండమీద చదువుల గుడి కడుతున్నారు. 1933 అక్టోబరులో జలదుర్గ ఓడ కొత్త రేవులోకి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో టాగోర్ వాల్తేరు వచ్చి మానవుణ్ణి గురించి ఉపన్యాసాలిచ్చారు. రేవు పనిలో ముప్ఫై ఏళ్లు గడిపిన నాబోటివాడికి ఈ రెండూ ఒకే ఏట జరగడం ముచ్చటగా ఉంటుంది.

కట్టడాల కన్నా మనుషులను పోగెయ్యడమే ఆయన అసలు పని అని నా లెక్క. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి విరాళం అండగా నిలిచింది. ఎక్కడెక్కడి యువకులనో పిలిపించారు: తర్వాత కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్, తర్వాత కమ్యూనిస్టు ఎంపీగా పేరుపడ్డ హీరేన్ ముఖర్జీ, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి. మతమూ రాజకీయమూ అడ్డు రాలేదు. తెలుగువాళ్ల విశ్వవిద్యాలయంలో బయటివాళ్లా అని సణిగినవాళ్లు లేకపోలేదు.

ఇక్కడున్న రోజుల్లోనే ఆయన నానాజాతి సమితి వారి మేధో సహకార సంఘంలో సభ్యులు. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ వంటివారు కూర్చున్న సంఘమది. దేశాల పండితులు కలిసి మాట్లాడుకుంటే, పిల్లలకు పక్క దేశం మీద పగ నేర్పకుండా ఉంటే, యుద్ధాలు తగ్గుతాయని వాళ్ల ఆశ. చేతిలో అధికారం లేదు, డబ్బూ తక్కువే. 1939లో యుద్ధం వచ్చేసింది.

ఆయన మాత్రం ఆ దారి వదల్లేదు. 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి, తర్వాత కాశీ విశ్వవిద్యాలయం. 1946లో పారిస్‌లో యునెస్కో తొలి మహాసభకు భారత బృందం నాయకుడు. మానవ హక్కుల ప్రకటన వెలువడిన 1948 డిసెంబరు రోజుల్లోనే ఆ సంస్థ కార్యనిర్వాహక మండలి పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. 1952లో మహాసభ అధ్యక్షులు. మధ్యలో మాస్కోలో రాయబారి.

1961లో జర్మన్ పుస్తక వ్యాపారులు తమ శాంతి బహుమతినిచ్చారు. మరుసటి ఏడు మే నెలలో రాష్ట్రపతి. అక్టోబరులో చైనా యుద్ధం! శాంతి పాఠం చెప్పిన పంతులుగారు మెత్తబడిపోలేదు. మన ప్రభుత్వం చైనాను గుడ్డిగా నమ్మిందనీ, సన్నద్ధత విషయంలో అలసత్వం చూపిందనీ బాహాటంగానే తప్పుపట్టారు. రాష్ట్రపతి నోట అలాంటి మాట అరుదు. 1965లో మరో యుద్ధమూ ఆయన హయాంలోనే వచ్చింది.

1967లో పదవి దిగి మద్రాసు చేరారు. 1975 ఏప్రిల్ 17న అక్కడే కన్నుమూశారు.