ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (నవంబరు 8, 1893 - నవంబరు 25, 1964) ఇరవయ్యవ శతాబ్దపు సుప్రసిద్ధ కర్ణాటక వాయులీన విద్వాంసులలో ఒకరు. ఆంధ్రదేశంలో ఈయన ఫిడేలు నాయుడుగారిగా ప్రసిద్ధులు. బాల్యం నుండి చూపు మందగించినా, కుటుంబం ఆసరాతోనూ, విజయనగరం సంగీత కళాశాల కల్పించిన అవకాశంతోనూ ఉన్నత స్థానాన్ని అందుకున్నారు.

బాల్యం, విద్యాభ్యాసం

ఈయన బెంగుళూరులో దీపావళి నాడు జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. బాల్యం విశాఖపట్నంలో గడిచింది. చూపు సరిగా లేనందువలన పాఠశాల చదువు ముందుకు సాగలేదు. తమ్మునిలోని సంగీతాసక్తిని గమనించిన అన్న వెంకటకృష్ణయ్య తానే తొలి గురువై ఇంటివద్ద వాయులీనం నేర్పించారు. కర్ణాటక సంగీతం ప్రధానంగా గురుముఖతః విని నేర్చుకునే విద్య. అందువలన బడిలో ఆటంకమైన చూపులోపం ఇక్కడ అంతగా అడ్డు రాలేదు.

విజయనగరం కళాశాల

విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు 1919లో ఈ సంగీత కళాశాలను నెలకొల్పారు. సంస్థానంలో పనిచేసిన చాగంటి జోగారావు కుమారుడు అంధుడు. సంగీతం పట్ల ఆ బాలునికి గల మక్కువే కళాశాల స్థాపనకు కారణమని ప్రతీతి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరడానికి వెళ్ళగా, ఆయన వాదనం విని ఏకంగా ఆచార్యునిగా నియమించారని చెబుతారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 26 సంవత్సరాలు. పాఠశాల చదువు లేకపోవడం గాని, చూపు లోపం గాని ఆ నియామకానికి అడ్డంకి కాలేదు. 1936లో నారాయణదాసు అనంతరం ఆయనే కళాశాల అధ్యక్షులై అనేకమంది శిష్యులను తీర్చిదిద్దారు.

కచేరీలు

అప్పటివరకు కర్ణాటక సంగీత సభలలో వాయులీనం ప్రధానంగా గాత్రానికి పక్కవాద్యంగానే ఉండేది. దానిని స్వతంత్ర వాద్యంగా వేదిక మీదకు తెచ్చినవారిలో ఈయన ముఖ్యులు. 1938లో వెల్లూరులో తొలి సోలో కచేరీ చేశారు. 1952లో ఢిల్లీలో అంధుల సహాయనిధి కోసం చేసిన కచేరీ ప్రత్యేకంగా పేర్కొనదగినది.

గుర్తింపు

మద్రాసు సంగీత అకాడమీ 1941లో సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1993లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఈయన స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది. కుమార్తె ద్వారం మంగతాయారు కూడా వాయులీన విద్వాంసురాలు.