చారిత్రక పాత్రలకు ప్రాణం పోసిన బళ్లారి రాఘవ

మల్దకల్: చరిత్రలోని మనిషిని రంగస్థలం మీదికి తీసుకురావడానికి తలపాగా, కత్తి, కోరమీసం చాలవని, ఆ మనిషి మనసు తెలియాలని ఆచరణలో చూపిన నటుడు బళ్లారి రాఘవ. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన నడిగడ్డ కోసం విజయనగర రాజులు, దక్కను సుల్తానులు తరతరాలు పోరాడారు. ఆ చరిత్రే రాఘవకు ఎనలేని కీర్తి తెచ్చిన నాటకానికి ఇతివృత్తం కావడం విశేషం.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న నేటి అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. ప్రసిద్ధ నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి బళ్లారిలో న్యాయవాదిగా పేరు గడించారు. పగలు న్యాయస్థానంలో వాదించి, రాత్రి ముఖానికి రంగు పూసుకునేవారు.

1565 నాటి విజయనగర పతనాన్ని కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్ర'గా నాటకీకరించారు. అందులో రాఘవకు పేరు తెచ్చింది రాజు పాత్ర కాదు, పఠాన్ రుస్తుం పాత్ర. పద్యాన్ని సాగదీసి రాగాలాపనతో చప్పట్లు కొట్టించుకునే ఆ రోజుల్లో ఆయన సహజమైన సంభాషణకు, ముఖంలో పలికే భావానికి పెద్దపీట వేశారు. చాణక్యుడిగానూ మెప్పించారు. 1927లో గాంధీజీ సమక్షంలో హిందీ నాటకంలో కబీరుగా నటించి ఆయన మెప్పు పొందారు. సంప్రదాయ కుటుంబంలో పుట్టిన న్యాయవాది ఒకనాడు పఠానుగా, మరొకనాడు కబీరుగా మారి, మతమేదైనా మనిషి గుండెచప్పుడు ఒకటేనని ప్రేక్షకులకు తెలియజేశారు.

స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారిని రంగస్థలానికి తెచ్చారు. లండన్‌లో బెర్నార్డ్ షాను కలిసి నాటక కళపై చర్చించారు. 1939లో 'రైతుబిడ్డ' చిత్రంలో నటించారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. బళ్లారిలోని రాఘవ కళామందిరం ఆయన స్మృతిని నిలుపుతోంది.

పాఠశాలల్లో ఆగస్టు 15, జనవరి 26 వేడుకలకు చిన్నారులు ఝాన్సీరాణిగా, అల్లూరిగా, గాంధీజీగా ముస్తాబవుతుంటారు. అద్దె దుస్తులు తొడిగి, ఫొటో తీయడంతోనే ఆ వేడుక ముగిసిపోతోంది. తలపాగా చుట్టే ముందు, ఆ మహనీయుడు ఏ కాలంలో జీవించాడో, దేనికోసం ఏం పోగొట్టుకున్నాడో ఉపాధ్యాయులు పది నిమిషాలు వివరిస్తే ఆ వేషానికి అర్థం చేకూరుతుంది. రాఘవ జీవితకాలమంతా నటులను కోరింది కూడా ఇదే.