డాక్టరు పాల్ బ్రాండు గారు

మన అరకులోయను చుట్టియున్న తూర్పుకనుమలు దక్షిణమున తమిళదేశము వరకు వ్యాపించియున్నవి. అచ్చటి కొల్లిమలలపై కొండజాతుల మధ్య సేవచేయుచుండిన మిషనెరీ దంపతులకు 1914వ సంవత్సరమున పాల్ బ్రాండు గారు జన్మించిరి. తొమ్మిదవయేట చదువునకై ఇంగ్లండు పంపబడిరి. అచ్చట వడ్రంగమును, ఇండ్లు కట్టు పనిని నేర్చి, పిమ్మట వైద్యవిద్య నభ్యసించి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో శస్త్రవైద్య బోధకులైరి.

కుష్ఠరోగుల వ్రేళ్లు రోగముచేతనే రాలిపోవునని ఆకాలమున పలువురు తలంచుచుండిరి. బ్రాండు గారు రోగులను శ్రద్ధతో పరీక్షించిరి. స్పర్శ నశించుటచే నొప్పి తెలియక, కాలినను తెగినను రోగి చేయి తీయడనియు, ఆ గాయములవలననే వ్రేళ్లు చెడుచున్నవనియు కనుగొనిరి. చచ్చుబడిన కండరములకు బదులు మంచి కండరముల స్నాయువులను మార్చి కుట్టి, వంకరపోయిన వ్రేళ్లను చక్కజేసిరి.

అయినను, అట్లు బాగుపడిన యొక రోగి తిరిగివచ్చి మొరపెట్టుకొనెను. కుష్ఠరోగి యని ఎవరును పని యీయరు. చేతులు చక్కబడినందున భిక్షయు దొరకదు! చేతిని బాగుచేసిన చాలదనియు, దానికి పని చూపవలెననియు బ్రాండు గారు గ్రహించిరి. నవజీవన కేంద్రమును స్థాపించి, రోగులకు వడ్రంగము మున్నగు వృత్తులు నేర్పించిరి. స్పర్శలేని చేతులకు గాయము కాకుండ పనిముట్ల పిడులను మార్పించిరి. యౌవనమున తాము పట్టిన ఉలి ఇప్పు డక్కరకు వచ్చెను.

1966లో అమెరికాలోని కార్విల్ చేరి పరిశోధన సాగించి, 2003లో పరమపదించిరి.

విద్యార్థులారా! చేతిపనిని చులకన చేయకుడు. నేర్చిన విద్య యేదియు వ్యర్థము కాదు.